పెంటకుప్ప కింద పాతర

ఆ ఎండాకాలం శివరాం పటేల్‌కు కలలో కూడా గుంతలే కనిపించాయి.

తాలూకా నుంచి హుకుం వచ్చింది. పోయినేడు ఎక్కడో సముద్రం ఒడ్డున విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయట. రేపో మాపో ఇటు కూడా వస్తాయట. అందుకని ప్రతి ఊళ్లో జనం దాక్కునేందుకు గుంతలు తవ్వాలి. సీటీ ఊదగానే దీపాలు ఆర్పేయాలి. ఇంటింటికీ బకెట్లలో ఇసుక నింపి పెట్టుకోవాలి. ఇవన్నీ చేయించే భారం ఊరి పోలీస్ పటేల్‌ది. కుండల్‌వాడికి రెండు కోసుల దూరంలో ఉన్న పింపళ్‌వాడికి పోలీస్ పటేల్ ఈ శివరామే.

ఊరి నౌకరు, మస్కూరి నర్సన్న ఇల్లిల్లూ తిరిగి కబురు చెప్పి అందరినీ చావడి దగ్గరికి పిలుచుకొచ్చాడు. శివరాం హుకుం చదివి వినిపించాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చదివి, కాగితం మడిచి, అంగీ జేబులో పెట్టుకొని, జనం ముఖాల వంక చూశాడు. ఆ ముఖాల్లో జపాను భయం ఏమీ కనబడలేదు.

"దీపాలు ఆర్పమంటున్నరు," అన్నాడు.

"ముందుగాల ముట్టియ్యమను," అన్నాడు మారోతి. ఊళ్లో రెండు జతల ఎద్దులున్న రైతు, నాలుకకు కళ్లెం లేని మనిషి. "కంట్రోల్ దుకాణంల గ్యాసునూనె దొరుకక హోలి పున్నం నుంచి మా ఇంట్ల చీకటే. ఆ జపానోడే కందిలి పట్టుకొని దారి ఎతుక్కుంట రావాలె."

జనం నవ్వారు. శివరాం నవ్వలేదు.

"ఇసుక బకెట్లు పెట్టమంటున్నరు."

"ఇసుక వాగుల ఉన్నది. బకెట్లు పటేల్ ఇంట్ల ఉన్నయా?"

"గుంతలు తవ్వాలె. ఇంటికొక మనిషి రావాలె."

ఈ మాటకు ఎవరూ నవ్వలేదు. ఒకడికి నడుం నొప్పి గుర్తుకొచ్చింది. ఒకడు బిడ్డను తోలుకురావడానికి నాయ్‌గావ్ పోవాలన్నాడు. ఇంకొకడి గడ్డపార ఎవరో తీసుకుపోయారట, ఎవరో గుర్తు లేదట. ఊరి నేల నల్లరేగడి. ఎండాకాలంలో అది మట్టిలాగా ఉండదు, బండలాగా ఉంటుంది. గడ్డపార వేస్తే మోచేతుల దాకా జివ్వుమంటుంది.

"నేల ఎట్లనో నెర్రెలు బాసింది గదా పటేలా," అన్నాడు మారోతి. "సన్నటోళ్లం దాంట్లనే దాసుకుంటం. లావుటోళ్ల సంగతి నువ్వు చూసుకో."

మరుసటి రోజు పొద్దున గడ్డపార పట్టుకొని ఊరి తూర్పున ఉన్న మెరక మీదికి శివరాం ఒక్కడే వెళ్లాడు. కొసకు నర్సన్న జాలిపడి తోడొచ్చాడు. ఇద్దరూ చెమటలు కారేలా తవ్వితే పొద్దెక్కేసరికి మోకాలి లోతు గుంత అయింది. ఆ సాయంత్రం అందులో మారోతి దూడ పడింది. మారోతి వచ్చి, దూడ కాలు బెణికిందని, ఊరి మీద బాంబు పడకముందే పటేల్ తమ ఇంటి మీద బాంబు వేశాడని వాడంతా వినేలా తిట్టిపోయాడు. శివరాం గుంతను పూడ్చేశాడు. పూడుస్తుంటే చూడడానికి పోగైన జనంలో సగం మంది తవ్వడానికి తీరిక లేదన్నవాళ్లే.

మొండిబారిన గడ్డపారకు మొన తీయించుకొద్దామని అతను కుండల్‌వాడి సంతకు పోయిన రోజే తాలూకా నుంచి గిర్దావర్ రామదాస్ ఊరికి వచ్చాడు. గిర్దావర్ అంటే భూమి శిస్తు, లెవీ ధాన్యం చూసే మనిషి. గుంతల సంగతి కూడా కనుక్కొని రమ్మని ఆయనకు అప్పగించారు. చావడి అరుగు మీద ఆ వేళకు ఎంకన్న ఒక్కడే ఉన్నాడు. శివరాంకు తండ్రి తమ్ముడు, పళ్లూడిన ముసలివాడు. ఊరిని ఎవరన్నా ఒక్క మాట తక్కువ చేస్తే ఆయనకు ఆ పూట అన్నం సహించదు.

సంత నుంచి తిరిగొచ్చిన శివరాంకు ఆయన ఊరి వాకిలి గవిని దగ్గరే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"గిర్దావర్ అచ్చిండు బిడ్డా. బాగ చెప్పి పంపిన."

"ఏం చెప్పినవ్ కాకా?"

"మీ ఊర్ల ఒక్క గుంత కూడ లేదట గదా, అవతల కార్లె ఊరోళ్లు నాలుగు తవ్విండ్రు అన్నడు. నాకు కడుపుల మండింది. మా ఊర్ల ఇప్పుడు తవ్వుడేంది, మా అన్నలు ఎన్నడో తవ్విపెట్టిండ్రు అన్న. మూడు గుంతలు. మనిషి నిలవడితె తలకాయ అగుపడదు. లోపల గోడకు చొప్ప కట్టి ఉంటది, మెత్తగ, మామ ఇంట్ల పరుపు లెక్క అన్న."

శివరాం చేతిలోని గడ్డపార కింద పెట్టాడు. "ఏ గుంతలు కాకా?"

"ఏ గుంతలేంది. పాతరలు."

శివరాం ఆయన వంక ఒకసారి చూశాడు. గడ్డపార మళ్లీ భుజాన వేసుకొని ఇంటికి నడిచాడు.

పింపళ్‌వాడి మెరక మీద మూడు పాతరలున్న సంగతి నిజమే. అవి జొన్నల పాతరలు. వాటి కథ పెద్ద కరువు నాటిది. శివరాం అప్పటికి పాలు తాగే పిల్లవాడు. అతని అక్క గంగుబాయికి మాత్రం అంతా గుర్తుంది. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఇంకా ఘోరం, పొరుగూళ్ల నుంచి తిండి కోసం వచ్చినవాళ్లను ఊళ్లోకి రానీయలేదు. వాళ్లు ఊరి బయటే పడి చచ్చిపోయారు. వాళ్లను ఎవరు కాల్చారో, అసలు కాల్చారో లేదో కూడా ఎవరూ చెప్పరు.

ఆ తరువాత కాలం అయి పంటలు పండిన ఏడు పెద్దలు మెరక మీద ఈ పాతరలు తవ్వారు. ఆ ఒక్కచోటే కింద మొరం నేల, నీరు నిలవదు. గోడలకు చొప్ప కట్టి, జొన్నలు పోసి, పైన పొట్టు పరిచి, మట్టితో మూతి మెత్తేశారు. పాతర నిండేదాకా, పంట చేతికొచ్చిన ప్రతి ఏడూ ఇంటికొక గంప జొన్న అందులో పడాలి. నిండి మూసేశాక, కాలం కాక కరువొస్తే తప్ప మూత తీయకూడదు. అదీ ఇంటింటి పెద్దా తలూపితేనే. ఒకసారి మూత తీస్తే ఆ పాతర మొత్తం ఆ రోజే పంచేయాలి. ఆ సమయానికి మూతి దగ్గర ఎవరు నిలబడి ఉన్నా, ఊరివాడైనా పరాయివాడైనా, వాడి పాలు, అంటే వాటా, వాడికి పోయాలి. మొదటి పాలు బయటివాళ్లకే. ఉత్త చేతులతో ఒక్కరు పోయినా ఊరికి ఆ పాపం తగులుతుందని పెద్దల నమ్మకం.

ఇప్పుడు లడాయి పేరుతో సర్కారు లెవీ పెట్టి ఇంటింటి జొన్నలు కొలిచి తీసుకుపోతోంది. కోతలయ్యాక రామదాస్ వచ్చి ప్రతి ఇంటికీ తిరిగి కొలిచాడు. ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఇంట్లో లేవని అందరూ చెప్పారు. అబద్ధం కాదు. పాతర ఎవరింట్లోనూ లేదు. అయితే లెవీ పోయాక ఇళ్లలో మిగిలిన జొన్నలు దసరా దాకా సాగితే గొప్ప. వానలు మొహం చాటేస్తే ఊరికి ఆ మూడు పాతరలే దిక్కు. సర్కారు కళ్లు వాటి మీద పడితే ఆ దిక్కు కూడా పోతుంది.

ఆ సర్కారును చేయి పట్టుకొని వాటి దగ్గరికే తీసుకుపోయాడు ఎంకన్న.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పింపళ్‌వాడి గుంతలు తాలూకాకే నమూనా అని గిర్దావర్ పైకి చెప్పాడట. నాందేడ్ నుంచి విమానాల సాబు స్వయంగా చూడడానికి వస్తాడట. సంత మరుసటి రోజు వస్తాడు. సీటీ ఊది జనాన్ని గుంతల్లోకి దింపి కవాయతు చేయిస్తాడు.

చావడి దగ్గర మళ్లీ జనం కూడారు. ఈసారి కబురు చెప్పకముందే వచ్చారు.

"పాతరలు కాలిజేద్దాం," అన్నాడు ఒకడు.

"చేసి జొన్నలు ఏడ పెడ్తవ్? నీ నెత్తి మీదనా?" అంది గంగుబాయి. ఆవిడ మొగుడు పోయినప్పటి నుంచీ పుట్టింట్లోనే ఉంటోంది. పాతరల మూతులు మెత్తేది, పగుళ్లు చూసేది ఆవిడే. మగవాళ్ల చావడిలో ఆవిడ మాట్లాడితే ఎవరూ ఎదురాడరు. "పాతరలు కదపద్దు. వేరే గుంత తవ్వుండ్రి. పాతరల మీద పెంటకుప్పలు పొయ్యండ్రి."

"నేల బండ లెక్క ఉన్నది గదక్కా," అన్నాడు మారోతి.

"మొన్న మా తమ్ముడు ఒక్కడే తవ్వంగ నీ దూడ పడే అంత గుంత అయింది. మీరందరు తవ్వితె నువ్వు పడే అంత అయితది."

తవ్వారు. జపానువాడి కోసం ఇంటికొక్క మనిషి రాని ఊరు జొన్నల కోసం ఇంటిల్లిపాదీ వచ్చింది. ఆడవాళ్లు వాగు చెలిమల నుంచి కుండలతో నీళ్లు మోసి పోస్తే, నేల కొంచెం మెత్తబడ్డాక మగవాళ్లు మెరక దిగువన తవ్వారు. నడుం నొప్పి వాడి నడుం నయమైంది. పోయిన గడ్డపార దొరికింది. నాయ్‌గావ్ పోవలసినవాడు పోలేదు. శివరాంకు అది చూసి సంతోషం కలగాలి, కలగలేదు. ఒళ్లు మండింది.

"గిదే పని నెల కింద జేస్తే నాకు గింత తిప్పలు ఉండకపోవు గదరా," అన్నాడు.

"నెల కింద నువ్వు బాంబులని చెప్తివి పటేలా," అన్నాడు మారోతి, తట్ట ఎత్తుతూ. "జొన్నలని చెప్పాలె."

విమానాల సాబు అసలు పేరు దయానంద్. నాందేడ్ బట్టల గిర్నీలో హాజరీ వేసే గుమాస్తా. లడాయి మొదలయ్యాక ఆయనకు ఖాకీ అంగీ, మెడలో సీటీ ఇచ్చి ఊళ్ల మీదికి పంపారు. ధర్మాబాద్ స్టేషన్లో రైలు దిగి, ఎద్దుబండిలో కుదుపులు తింటూ, గిర్దావర్ రామదాస్‌తో కలిసి పొద్దున్నే వచ్చాడు. బక్కమనిషి. ఊళ్లూళ్లలో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. మాట మనదే, తెలుగే. అది విని జనానికి కొంచెం ధైర్యం వచ్చింది.

"ఏ ఊరికి వోయినా చేస్తున్నం సాబ్, చేస్తం సాబ్ అంటరు," అన్నాడు ఆయన మజ్జిగ తాగుతూ. "మల్ల వోతే ఏమీ ఉండది. ఒక ఊర్ల గుంత చూపియ్యమంటే బాయి చూపెట్టిండ్రు. మీ దగ్గరనన్న నిజంగ ఉన్నదా పటేల్?"

"ఉన్నది సాబ్."

కొత్త గుంత చూసి దయానంద్ ముఖం తేటపడింది. పొడుగ్గా, వంకరగా, హుకుంలో చెప్పినట్టే తవ్వారు. రామదాస్ మాత్రం వంగి మట్టి చేత్తో నలిపి చూశాడు.

"తడి మట్టి. మొన్న తవ్వినట్టున్నది. మీ కాక నాకు చెప్పింది పాతయి, మూడు. చొప్ప కట్టినయి."

ఎంకన్న నోరు తెరిచాడు. శివరాం ఆయన కాలు తొక్కాడు.

"ఇదే సాబ్. పాతది కూలింది. మల్ల తవ్వినం."

"కాలెందుకు తొక్కుతవ్ బిడ్డా," అన్నాడు ఎంకన్న.

దయానంద్ అప్పటికే సీటీ నోట పెట్టుకున్నాడు. ముందు పాఠం చెప్పాడు. నిప్పు బాంబు పడితే ఇసుక చల్లాలి, నీళ్లు పోయొద్దు. గ్యాసు బాంబు పడితే తడి గుడ్డ మూతికి అడ్డం పెట్టుకోవాలి.

"గ్యాసంటే ఏంది నాయనా?" అని అడిగింది గంగుబాయి.

"కండ్లకు అగుపడని గాలి. పీలిస్తే పానం పోతది."

"అట్లనా," అంది ఆవిడ.

సీటీ మోగింది. జనం గుంతలోకి ఉరికారు. ఎవరి కోడి వారి చంకలో. మారోతి అందరికంటే ముందు దిగి, తన మీద ఎవరో కూర్చున్నారని లోపలి నుంచి అరవడం మొదలుపెట్టాడు. గుంత నిండిపోయింది. సగం ఊరు బయటే నిలబడి, పెళ్లిలో పంక్తి కోసం చూసినట్టు చూస్తోంది.

"చాలది," అన్నాడు దయానంద్ నొసలు తుడుచుకుంటూ. "ఇంకొకటి కావాలె." అని చుట్టూ చూశాడు. చూపు వెళ్లి మెరక మీది పెంటకుప్పల మీద ఆగింది. మూడు కుప్పలు. ఎండి, పైన చొప్ప, పిడకల ముక్కలు. "ఇవేంది, ఇంటి గోడల పక్కపొంటి? నిప్పు బాంబు పడితే ముందుగాల అంటుకునేది ఇవే. ఊరంత కాలిపోతది. జరుపుండ్రి."

"రేపు జరుపుతం సాబ్," అన్నాడు శివరాం.

"రేపు అన్నమాట నా జల్మల చానా ఊర్లల్ల విన్న పటేల్. ఇప్పుడే. నా ముంగట." ఖాకీ చేతులు పైకి మడిచి, గోడకు ఆనించి ఉన్న పార ఆయనే అందుకున్నాడు.

గుంతలో ఉన్నవాళ్లు కూడా తలలు బయటపెట్టారు. దయానంద్ నడుస్తున్నది నడిమి కుప్ప వైపు. అందరికంటే పెద్ద పాతర దాని కిందే ఉంది. శివరాంకు ఆ రెండడుగుల్లో ఒకటే తోచింది. మూడూ పోవడం కంటే ఒకటి పోవడం మేలు. గబగబా వెళ్లి ఆయన చేతిలోని పార తీసుకున్నాడు.

"మా చేతులు లేవా సాబ్," అని, అన్నిటికంటే చిన్నదైన పడమటి కుప్ప మీద పార వేశాడు.

నాలుగు చేతులు సాయం పట్టాయి. కుప్ప జరిగింది. కింద గుండ్రంగా, నున్నగా మెత్తిన మట్టిమూత కనబడింది. గంగుబాయి వేళ్ల గుర్తులు దాని మీద ఇంకా తెలుస్తూనే ఉన్నాయి.

రామదాస్ దగ్గరికొచ్చాడు. కాలితో మూతను తట్టాడు. "ఏందిది పటేల్?"

ఎంకన్న ఒక్కడే తృప్తిగా తలాడించాడు. "నేను జెప్పలేదా గిర్దావర్ సాబ్, నిలువెత్తు గుంత."

"దాసుకునే గుంతనే సాబ్," అన్నాడు శివరాం నెమ్మదిగా. "ఇప్పుడు దాంట్ల జొన్నలు దాసుకున్నయ్."

రామదాస్ ముఖం ఎర్రబడింది. "లెవీల ఎందుకు రాయియ్యలేదు?"

"ఇండ్లల్ల ఉన్నయి కొలిచి రాసుకపోయినవ్. ఇది ఎవ్వలింట్ల లేదు. కరువొస్తే ఊరు తినేది."

"కరువొస్తే సర్కార్ చూస్తది. రేపు బండ్లు తోలుకొని అస్త. అందాక దీన్ని ఎవ్వలు ముట్టద్దు. ఇంక ఎన్ని ఉన్నయో అది కూడ రేపే చూస్త."

ఆ ఆఖరు మాట శివరాంకు గుచ్చుకుంది. రేపు బండ్లు వస్తే వాటితో పాటు సిపాయిలు వస్తారు. గడ్డపారలతో మెరకంతా పొడుస్తారు. మిగిలిన రెండు కుప్పలు ఎంతసేపు నిలుస్తాయి? ఇది ఇప్పుడే తీసి పంచేస్తే బండ్లతో పనే ఉండదు.

అతను అక్క వంక చూశాడు. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుంది. అతను జనం వంక చూశాడు. ఇంటి పెద్దలు ఒక్కొక్కరే తలూపారు. గుంతలోంచి బయటికి వచ్చి, ఒంటి మట్టి దులుపుకుంటున్న మారోతి మిగిలాడు.

"కాలం కాని ఏడు కాదు గదా పటేలా," అన్నాడు మారోతి. అతని గొంతులో హాస్యం లేదు. "తినెటందుకు తీస్తరు, బయపడి తీస్తరా?"

"తియ్యకుంటే రేపు గిదీ ఉండది, అవీ ఉండయ్," అన్నాడు శివరాం, గొంతు తగ్గించి.

మారోతి కుప్పల వంక చూశాడు. తలూపాడు.

శివరాం గడ్డపార ఎత్తి మూత మీద వేశాడు. మట్టి పెంకులా పగిలింది. పులిసిన వేడి వాసన ఒక్కసారిగా పైకొచ్చి అందరి ముక్కులకూ తగిలింది.

"ఆగు పటేల్, ఏం చేస్తున్నవ్?" అన్నాడు రామదాస్. "సరే, తీస్తే తీసినవ్. నర్సన్నా, లోపలికి దిగు. ఎన్ని ఉన్నయో లోతు కొలువు."

"నేను దిగ," అన్నాడు నర్సన్న.

"సర్కార్ నౌకరువు కాదా?"

"నౌకరీ పానం ఉన్నోడికి సాబ్."

గంగుబాయి ఇంట్లో దాచుకున్న గుక్కెడు గ్యాసునూనె పోసి కందిలి వెలిగించి తెచ్చింది. తాడు కట్టి మెల్లగా లోపలికి వదిలింది. బారెడు కూడా దిగలేదు, వత్తి ఎర్రబడి, చిన్నబోయి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. దయానంద్ వంగి చూశాడు.

"ఇదేనా నాయనా నువ్వు చెప్పిన గ్యాసు?" అంది గంగుబాయి. "కప్పిపెట్టిన జొన్నలు ఇడిసిన గాలి. ఒకసారి మూత తీసిననాడు మా పెద్దనాయన దీంట్ల దిగే పోయిండు. తడి గుడ్డ పెట్టుకునే దిగిండు."

దయానంద్ రెండడుగులు వెనక్కి జరిగాడు. సీటీని చేత్తో పట్టుకొని, దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

పొద్దు వాలేదాకా గోనెపట్టలతో, వేపమండలతో గాలి విసిరారు. మళ్లీ కందిలి దింపితే ఈసారి వెలుగుతూనే ఉంది. అప్పుడు నర్సన్న నడుముకు తాడు కట్టుకొని దిగాడు. గంపలు పైకి రాసాగాయి. పసుపు తిరిగిన జొన్నలు, గంప గంపకూ ఆ పులిసిన వాసన.

రామదాస్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. "ఇంట్లకు మోసుకపోతే రేపు ఇండ్లల్ల కొలుస్త," అన్నాడు.

గంగుబాయి కుంచం నింపింది. "మొదటి పాలు బయటోళ్లది. సాబూ, తువ్వాల పట్టు."

దయానంద్ సందేహించాడు. "నేను సర్కారు పని మీద అచ్చిన అమ్మా."

"పాతర మూతి కాడ ఏ పని మీద అచ్చినా పాలు పాలే. అద్దని పోయినోడి ఉసురు ఊరికి తగుల్తది. పట్టు."

ఆయన తువ్వాలు పరిచాడు. కుంచం ఖాళీ అయింది. ఒక్క గింజ జారకుండా ఆయన కట్టిన ముడి చూస్తే ఆయన ఇంట్లో జొన్నలకు ఎంత కటకటగా ఉందో తెలిసిపోయింది.

"గిర్దావర్ సాబూ, నీ పాలు."

"నాకెందుకమ్మా. నేను రేపు బండ్లు..."

"రేపటి సంగతి రేపు. ఇయ్యాల మూతి కాడ నిలవడ్డవ్. నువ్వు తీసుకోకుంటే పంచుడు ఆగిపోతది. గీ జనమంత నిన్నే చూస్తున్నరు."

జనం నిజంగానే చూస్తున్నారు. ఖాళీ గంపలు చేతుల్లో పట్టుకొని ఊరంతా ఆయన చుట్టూ నిలబడి ఉంది. కంట్రోల్ దుకాణంలో గిర్దావర్‌కైనా ఇచ్చేది పురుగు పట్టిన జొన్నలే. రామదాస్ నెత్తి మీది రుమాలు విప్పి పరిచాడు. గంగుబాయి కుంచం నిండుగా, గోపురంలా కట్టి పోసింది. పోసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"గిర్దావర్ సాబు పాలు ముట్టింది."

"ముట్టింది," అన్నాడు పాతర అడుగు నుంచి నర్సన్న, ఆనవాయితీ ప్రకారం. భూమిలోంచి వచ్చిన ఆ మాటకు రామదాస్ ఉలిక్కిపడ్డాడు. లెక్కలో లేని జొన్నలు ఇప్పుడు తన రుమాల్లో ఉన్నాయి. ముడి వేస్తూ అది ఆయనకు అర్థమైంది. బండ్ల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. రేపటి మాట కూడా ఎత్తలేదు.

శివరాంకు మాత్రం ఇది తన తెలివి కాదని తెలుసు. అతను రేపటి బండ్లకు ఏమీ మిగలకూడదని మాత్రమే అనుకున్నాడు. ఆ రుమాలు సంగతి అక్కది.

పంపకం అయ్యాక దయానంద్ తాడు పట్టుకొని తనే ఖాళీ పాతరలోకి దిగాడు. లోపల నిలబడి రెండు చేతులూ పైకి చాచాడు. వేళ్ల కొసలు మాత్రం బయటికి కనబడ్డాయి.

"గుంతంటే ఇది," అన్న మాట కింది నుంచి వినబడింది. "ఇన్ని ఊర్లు తిరిగిన. గుంతంటే ఇది."

పైకి వచ్చి బండెక్కబోతూ శివరాంను పక్కకు పిలిచాడు. మిగిలిన రెండు కుప్పల వంక చూశాడు.

"పటేల్, అవి కూడ జరపాలె. నేను వానలు పడ్డంక మల్ల అస్త."

"జరిపితే సాబ్..."

"జరిపితే ఏముంటదో నేనడగలే. కుప్పలు జరిగినయా లేదా, నేను చూసేది అంతే." కొంచెం ఆగాడు. "నాందేడ్‌ల గింత మంది ఉన్నం. రైలు ఆగిపోతే ఎన్ని పూటలు తింటమని మా పెద్దసాబును ఒకసారి అడిగిన. నువ్వు సీటీ ఊదు అన్నడు."

బండి వెళ్లిపోయింది. శివరాం మెరక మీద నిలబడి లెక్క వేసుకున్నాడు. వానల తరువాత మళ్లీ తనిఖీ. అప్పటికి రెండు కుప్పలు జరగాలి, రెండు పాతరలు కనబడకూడదు. వచ్చే పంటకు ఖాళీ పాతర నింపాలి. దానికి ఇంటికొక గంప కాదు, మూడు గంపలు కావాలి. అడిగితే నడుం నొప్పులు మళ్లీ మొదలవుతాయి. మూత మెత్తినప్పటి నుంచీ దేవుడి దయ వల్ల ముట్టకుండా కాపాడుకున్న జొన్నలు, మంచి కాలం నడుస్తున్న ఏడు, ఒక ముసలాయన గొప్ప మాటకు ఖర్చయిపోయాయి.

ఆ ముసలాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఒడి నిండా జొన్నలు.

"నేను ముందుగాలనే జెప్పిన గదా బిడ్డా," అన్నాడు ఎంకన్న. "మన గుంతలు తాలూకాకే నమూనా అని. నా మాట నిలవడ్డది."

"నిలవడ్డది కాకా," అన్నాడు శివరాం. "ఇంకొక్క మాట నిలవెడితే ఊర్ల తినెటందుకు మట్టి మిగుల్తది. ఇంటికి పో."

మృగశిర కార్తె పెట్టగానే మొదటి వాన పడింది. అన్ని కుండల నీళ్లు పోసి, అంత కష్టపడి తవ్విన కొత్త గుంత ఒక్క వానకే నిండిపోయింది. మరునాడు పొద్దున శివరాం వచ్చేసరికి అందులో మారోతి బర్రెలు మెడల దాకా మునిగి నెమరు వేస్తున్నాయి. మారోతి గట్టున కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"మంచి గుంత పటేలా," అన్నాడు. "ఇంకొంచెం పొడుగు తవ్వితే ఎద్దులు కూడ పడుతయ్."

శివరాం మెరక ఎక్కాడు. అక్కడ గంగుబాయి కొంగు నడుముకు చుట్టి, ఖాళీ పాతర మూతి మీద కట్టెలు పరిచి, దాని మీద పెంట ఎత్తిపోస్తోంది.

"ఖాళీదాని మీద కుప్ప ఎందుకక్కా? సాబు దాన్ని గుంత కింద లెక్కవెట్టుకపోయిండు. జనం దాసుకునేది అండ్లనే."

"రెండిటి మీద కుప్పలుండి ఒకదాని మీద లేకుంటే, ఆ రెండిటి కింద ఏమున్నదని దారిన పోయే ప్రతోడు అడుగుతడు. ఉంటే మూడిటి మీద ఉండాలె."

"మరి సాబు కుప్పలు తియ్యమన్నడు గదా."

"సాబు అచ్చే రోజు తీద్దాం. పోయినంక ఏద్దాం."

"మరి జపానోడు అస్తే?"

గంగుబాయి నడుం నిలబెట్టి ఆకాశం వంక చూసింది. మబ్బులు తప్ప ఏమీ లేవు.

"ముందుగాల కబురు చెయ్యమను. కుప్ప తీసి పెడ్తం," అని, రెండో పార అతని వైపు తోసింది.

శివరాం అంగీ విప్పి పక్కన పెట్టాడు. పార అందుకున్నాడు.